చిన్న ట్యాబ్ కొన్నాక: ఉంచుకోవాలో, వెనక్కి పంపాలో తేల్చుకునే పద్ధతి

కొత్త ట్యాబ్ ఇంటికి రాగానే చాలామంది చేసే మొదటి పని స్క్రీన్ గార్డ్ అతికించడం. అది చివరికి పెట్టుకోండి. ముందు ఆర్డర్ పేజీ తెరిచి, ధర కింద సన్నటి అక్షరాల్లో ‘రిటర్న్’ అని ఉందో, ‘రీప్లేస్‌మెంట్’ అని ఉందో చూడండి. రిటర్న్ అయితే డబ్బు వెనక్కి వస్తుంది. రీప్లేస్‌మెంట్ అయితే అదే మోడల్ ఇంకొకటి ఇస్తారు, అదీ లోపం ఉందని తేలితేనే. మన దగ్గర ఆన్‌లైన్‌లో కొనే ట్యాబ్‌లకు తరచుగా కనిపించేది ఏడు రోజుల రీప్లేస్‌మెంటే. ‘నాకు నచ్చలేదు’ అంటే అక్కడ వినేవాళ్లు ఉండరు. మధ్యలో పండగ వచ్చినా, మీరు ఊరెళ్లినా గడువు ఆగదు.

అందుకే ఇందులో రెండు ప్రశ్నలున్నాయి, వాటిని కలిపేయకూడదు. వస్తువులో లోపం ఉందా? అది నా పనికి పనికొస్తుందా? మొదటిదానికి కంపెనీ జవాబు చెప్పాలి, రెండోదానికి మనమే చెప్పుకోవాలి. నేను చూసినంతలో జనం మొదటిదాని కోసం యూట్యూబ్‌లో గంటలకొద్దీ వీడియోలు చూస్తారు. రెండోదాని గురించి మాత్రం గడువు అయిపోయాక ఆలోచిస్తారు.

నా పని ప్రూఫ్ రీడింగ్. హైదరాబాదులో పుస్తకాలు వేసేవాళ్లు పంపే పీడీఎఫ్‌లు చదివి తప్పులు దిద్దుతాను. మెట్రోలో నిలబడి కూడా ఒక చేత్తో పట్టుకుని చదువుకోవచ్చని 8.7 అంగుళాల ట్యాబ్ తీసుకున్నాను. నేను కొన్నప్పుడు ఈ సైజువి పది, పన్నెండు వేలకు దొరికేవి. స్క్రీన్ 1340×800 పిక్సెళ్లు, అంటే అంగుళానికి సుమారు 179. ఈ అంకె మంచిదా చెడ్డదా అని నన్నడిగితే, మీరు చదివేది ఏమిటని తిరిగి అడుగుతాను.

తెలుగు చదివేవాళ్లు చేయాల్సిన పరీక్ష ఒకటుంది, ఏ రివ్యూలోనూ చెప్పరు. ‘అర్థం’, ‘అర్ధం’ అని రెండు మాటలూ పక్కపక్కన ఉన్న పేజీ తెరవండి. మొదటిదానికి అక్షరం మధ్యలో చుక్క ఉంటుంది, రెండోదానికి ఉండదు. తేడా అంతే. పేజీ మొత్తం ఒకేసారి కనిపించేలా పెట్టి, మామూలుగా చదివే దూరంలో పట్టుకుని, వేళ్లతో పెద్దది చేయకుండా ఆ చుక్క కనిపిస్తుందేమో చూడండి. ‘ద’కీ ‘ధ’కీ మధ్య కింది గీత, ‘బ’కీ ‘భ’కీ మధ్య తేడా, ‘స్త్ర’ లాంటి చోట ఒకదాని కింద ఒకటి ఇరుక్కున్న ఒత్తులు కూడా చూడండి. ఇంగ్లీషు నవల హాయిగా చదివించే స్క్రీన్ ఇక్కడ తడబడొచ్చు. 179 దగ్గర ఒక్కో పిక్సెల్ 0.14 మిల్లీమీటర్లు ఉంటుంది. చిన్న అక్షరంలో ఆ చుక్కకి ఒకటి రెండు పిక్సెళ్లకు మించి దక్కవు. నా కళ్లద్దాలతో చూస్తే చుక్క ఉంది కానీ మసగ్గా ఉంది. కథలు చదువుకునేవాళ్లకు అది చాలు. ‘కథ’ని ‘కధ’ అని కొట్టిన చోటల్లా పట్టుకోవాల్సిన నాలాంటివాళ్లకు కొంచెం కష్టం.

తర్వాత పేజీ సైజు లెక్క. ట్యాబ్ నిలువుగా పట్టుకుంటే స్క్రీన్ వెడల్పు నాలుగున్నర అంగుళాలకు కాస్త తక్కువ. మన కథల పుస్తకాలు, నవలలు ఎక్కువగా డెమ్మీ సైజులో, అయిదున్నర అంగుళాల వెడల్పుతో వస్తాయి. అంటే పేజీ 81 శాతానికి తగ్గుతుంది. మార్జిన్లు కత్తిరించి చూపించే రీడర్ యాప్ పెట్టుకుంటే అచ్చు పుస్తకం చదివినట్టే ఉంటుంది. ఏ4 సైజు పీడీఎఫ్ మాత్రం 54 శాతానికి పడిపోతుంది. పన్నెండు పాయింట్ల అక్షరం ఆరున్నర పాయింట్లవుతుంది, మందుల డబ్బా వెనక రాతలాగా. అడ్డంగా తిప్పితే అక్షరం పెద్దదవుతుంది కానీ పేజీలో సగం కూడా కనిపించదు, పైకీ కిందకీ జరుపుకుంటూ కూర్చోవాలి. గ్రూప్స్ నోట్సు, స్కూలు వర్క్‌షీట్లు, కోర్టు కాగితాలు, ఇవన్నీ ఏ4లే. మీ పని వాటితోనైతే చిన్న ట్యాబ్ వద్దు, ఎంత మంచి కంపెనీదైనా. న్యూస్‌పేపర్ ఈ-పేపర్ సంగతి చెప్పనే అక్కర్లేదు.

చిన్నదే కావాలి, అక్షరం మాత్రం స్పష్టంగా ఉండాలంటే ఐప్యాడ్ మినీ ఉంది. 8.3 అంగుళాలే కానీ అంగుళానికి 326 పిక్సెళ్లు. 2024లో వచ్చినదాని ధర యాభై వేల దగ్గర మొదలైంది. నాకు పేజీకి వచ్చే డబ్బులతో ఆ లెక్క కుదరదు.

ఇక్కడ ఒక చిన్న మాట. పీడీఎఫ్‌లో తెలుగు బదులు పిచ్చి గీతలు కనిపిస్తే ట్యాబ్‌ని తిట్టకండి. పాత పేజ్‌మేకర్ (పుస్తకం పేజీలు పేర్చే సాఫ్ట్‌వేర్), అను ఫాంట్ల ఫైళ్లలో ఫాంటు లోపల పెట్టకుండా పంపితే అలాగే వస్తుంది. అదే ఫైలు ఫోన్లోనూ తెరిచి చూడండి, అక్కడా అలాగే ఉంటే తప్పు ఫైలుదే.

ఇక లోపాల సంగతి. ఇది సెంటిమెంటు లేని పని, ఒక సాయంత్రం చాలు. సెట్టింగ్స్‌లో ‘అబౌట్ ట్యాబ్లెట్’ కింద బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు తడితే డెవలపర్ ఆప్షన్స్ తెరుచుకుంటాయి. అందులో ‘పాయింటర్ లొకేషన్’ ఆన్ చేసి, ముగ్గు వేసినట్టు వేలితో స్క్రీన్ అంతా అడ్డంగా, నిలువుగా గీతలు గీయండి. గీత ఎక్కడ తెగితే అక్కడ టచ్ పనిచేయడం లేదు. మూలలు, కీబోర్డు వచ్చే అడుగు భాగం మరీ జాగ్రత్తగా చూడండి. పని అయ్యాక డెవలపర్ ఆప్షన్స్ ఆఫ్ చేయండి, అవి ఆన్‌లో ఉంటే కొన్ని బ్యాంకు యాప్‌లు తెరుచుకోవు.

రాత్రి లైట్లు ఆర్పి, మొత్తం నల్లగా ఉన్న బొమ్మ ఒకటి తెరవండి. ఎల్‌సీడీ స్క్రీన్ అంచుల్లో కొద్దిగా వెలుగు కనిపించడం మామూలే. ఒక మూల నుంచి టార్చి కొట్టినట్టు ఉంటే మాత్రం ఫొటో తీసి పెట్టుకోండి. తెల్ల బొమ్మ మీద నల్ల చుక్క కదలకుండా ఉంటే అది చచ్చిన పిక్సెల్. ఒకటి రెండుంటే కొన్ని కంపెనీలు లోపం కిందే లెక్కపెట్టవు, వాళ్ల నిబంధన చదవండి. వైఫై సరిగ్గా అందుతోందో లేదో రూటర్ ఉన్న గదిలో కాదు, గోడ అవతల మీరు రోజూ పడుకుని చదివే చోట చూడండి. రాత్రి పడుకునేముందు బ్యాటరీ శాతం రాసుకుని, పొద్దున లేచి మళ్లీ చూడండి. వాడకుండానే పదిహేను, ఇరవై శాతం పడిపోతే మొదటి రోజే కంగారు పడొద్దు. కొత్త ట్యాబ్ ఆ ఒకటి రెండు రోజులు వెనకాల అప్‌డేట్లు దించుకుంటూ ఉంటుంది. మూడో రాత్రి కూడా అలాగే ఉంటే అప్పుడు ఆలోచించండి.

లోపం కాకపోయినా మనసు విరిచే విషయాలు కొన్నున్నాయి. సిమ్ లేని వైఫై మోడల్లో ఫోన్‌పే, గూగుల్ పే పెట్టుకోలేరు. యూపీఐకి బ్యాంకులో ఉన్న నంబరు నుంచి ఎస్సెమ్మెస్ వెళ్లాలి, సిమ్ లేకుండా అది జరగదు. వాట్సాప్ అయితే ఫోన్‌కి లింక్ చేసుకుని వాడుకోవచ్చు. 64 జీబీ అని డబ్బా మీద రాసి ఉన్నా సిస్టమ్ తన వాటా తీసుకున్నాకే మనకి మిగిలేది. ‘8 జీబీ ర్యామ్’ పక్కన చిన్న నక్షత్రం గుర్తు (*) ఉంటే దాని వివరణ చదవండి, సగం స్టోరేజీ నుంచి అప్పు తెచ్చిందే అయి ఉండొచ్చు. సినిమాల కోసం కొన్నవాళ్లు డీఆర్ఎమ్ ఇన్ఫో లాంటి ఉచిత యాప్‌లో వైడ్‌వైన్ (సినిమాలు కాపీ కొట్టకుండా వేసే తాళం) స్థాయి చూసుకోండి. ఎల్1 ఉండాలి. ఎల్3 అని ఉంటే నెట్‌ఫ్లిక్స్ హెచ్‌డీలో రాదు, యూట్యూబ్ మాత్రం మామూలుగానే ఆడుతుంది. ఇవన్నీ వాడి చూస్తే గానీ తెలియవు. రీప్లేస్‌మెంట్ అడిగినా లాభం లేదు, వచ్చే రెండోదీ ఇలాంటిదే.

నేను ఉంచుకున్నాను. నాకు వచ్చేవి ముప్పాతిక వంతు డెమ్మీ పేజీలు, మొదటి ప్రూఫు దారిలో దీని మీద చదువుతాను. ఆఖరి ప్రూఫు మాత్రం ఇంట్లో పెద్ద మానిటర్ మీదే. ఏ4 పనులు ఎక్కువై ఉంటే మా అమ్మాయికి ఇచ్చేసి, ఆగి పది అంగుళాలది కొనేదాన్ని. చిన్నది కాబట్టి అన్నిటికీ పనికొస్తుందని అమ్మేవాళ్లు చెప్పే మాట నేను నమ్మను.

లోపం తేలితే వెంటనే యాప్‌లోనే ఫిర్యాదు పెట్టండి. ఫోన్లో మాట్లాడినా రాతపూర్వకంగా ఒకటి ఉండాలి. డబ్బా తెరిచేటప్పుడు వీడియో తీసి ఉంటే అది ఇక్కడ అక్కరకొస్తుంది. ఓపెన్ బాక్స్ డెలివరీ ఉంటే డెలివరీ బాయ్ ఎదురుగానే తెరిచి చూసి, ఆ తర్వాతే ఓటీపీ చెప్పండి. షాపులో కొంటే ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని బిల్లు కింద అచ్చేసి ఉంటుంది. అది చూసి వెనక్కి తగ్గకండి. లోపమున్న వస్తువును బిల్లులో చెప్పిన గడువులో, గడువేమీ రాయకపోతే 30 రోజుల్లో, వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వడానికి నిరాకరించడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతే. సర్వీస్ సెంటర్‌కి వెళ్లి లోపం ఉందని కాగితం రాయించుకుంటే షాపువాళ్ల గొంతు మారుతుంది. అక్కడా తేలకపోతే 1915కి ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్.

అమెరికాలో ఉన్న మీ తమ్ముడో, బావగారో సెలవులకి వస్తూ తెస్తున్నారా? అక్కడ ఆపిల్ స్టోర్లో కొంటే మామూలుగా 14 రోజుల్లో వాపసు ఇవ్వొచ్చు, నచ్చకపోయినా సరే. కానీ సీల్ తీయకుండా సూట్‌కేసులో పెట్టుకొస్తే ఆ సౌకర్యం విమానంలోనే అయిపోతుంది. అక్కడే తెరిచి, పైన చెప్పిన నలుపు తెలుపు పరీక్షలు చేసి తెమ్మనండి. సీల్ ఉన్న డబ్బా మనమే తెరవాలనే ముచ్చట ఈ ఒక్కసారికి మానుకోండి.

వెనక్కి పంపేటప్పుడు రీసెట్ కొట్టేముందు సెట్టింగ్స్‌లో గూగుల్ అకౌంట్ తీసేయండి. ఐప్యాడ్ అయితే ‘ఫైండ్ మై’ ఆఫ్ చేయండి. లేకపోతే అవతలివాళ్లకి మీ పాస్‌వర్డ్ లేకుండా అది తెరుచుకోదు, పికప్‌కి వచ్చిన మనిషి తీసుకోకుండా వెళ్లిపోవచ్చు. డబ్బా మీది సీరియల్ నంబరూ, ట్యాబ్‌లోదీ ఒకటేనని చూసుకోండి, ఇంట్లో రెండు ట్యాబ్‌లుంటే డబ్బాలు మారిపోతుంటాయి. కేబుల్, సిమ్ పిన్ను, కాగితాలు అన్నీ లోపల పెట్టండి. మెమరీ కార్డు మాత్రం తీసేయండి.