నడుము పట్టేసింది, మెడ తిరగడం లేదు: కైరోప్రాక్టర్ దగ్గరికి వెళ్లొచ్చా?

వంగి బకెట్ ఎత్తబోతే నడుము కలుక్కుమంటుంది. ఇక నిటారుగా నిలబడలేం, కూర్చుంటే లేవలేం. ఇంట్లో ఒకరు వెంటనే స్కానింగ్ తీయించమంటారు, ఇంకొకరు మంచం దిగొద్దంటారు. ఈలోగా ఎవరో ఫోన్‌లో వీడియో చూపిస్తారు: వెన్నునూ కీళ్లనూ చేతులతో సరిచేసే కైరోప్రాక్టర్ ఒక్కసారి అలా తిప్పగానే టక్కుమని శబ్దం, పడుకున్న మనిషి నవ్వుతూ లేచి వెళ్లిపోతాడు. మనకూ వెళ్లాలనిపిస్తుంది. చాలా సందర్భాల్లో వెళ్లొచ్చు కూడా. కాకపోతే ఆ బల్ల ఎక్కేముందు ఒక సంగతి తేల్చుకోవాలి. ఈ నొప్పి మన కదలికను బట్టి మారుతోందా, లేదా?

ముందుకు వంగితే పెరుగుతుంది, పక్కకు ఒరిగితే తగ్గుతుంది, నాలుగడుగులు వేస్తే కాస్త నయం అనిపిస్తుంది. ఇలాంటి నొప్పి కీళ్ల నుంచో, కండరాల నుంచో, వెన్నుపూసల మధ్య మెత్తగా ఉండే డిస్క్ నుంచో వస్తూ ఉండే అవకాశం ఎక్కువ. చేతులతో చేసే వైద్యానికి పని ఉండేది అక్కడే. ఎటు తిరిగి పడుకున్నా, లేచినా, కూర్చున్నా ఒకేలా సలిపే నొప్పికి మూలం వెన్నులో కాక మరోచోట ఉండొచ్చు. ఇదొక్కటే కొలత కాదు గానీ, నేను మాత్రం ఇక్కడి నుంచే మొదలుపెడతాను.

ఆ టక్కుమనే శబ్దం గురించి

ఈ వైద్యం 1895లో అమెరికాలోని అయోవా రాష్ట్రంలో, డావెన్‌పోర్ట్ ఊళ్లో డి.డి. పామర్ అనే ఆయనతో మొదలైంది. వెన్నుపూసలు చోటు తప్పడం వల్లే జబ్బులొస్తాయని ఆయన నమ్మాడు. ఆ సిద్ధాంతం నిలబడలేదు. నిలబడింది ఆయన వాడిన చేతి పద్ధతి. బిగుసుకున్న కీలును చిన్న కదలికతో, చాలా వేగంగా నొక్కితే కొందరిలో నొప్పి తగ్గుతుంది, కదలిక పెరుగుతుంది. శబ్దం మాత్రం ఎముక చోటులో కూర్చున్నందుకు వచ్చేది కాదు. కీలు లోపలి ద్రవంలో వాయువు బుడగ ఏర్పడటం వల్ల వస్తుంది, మనం మెటికలు విరిచినప్పటిలాగే. కాబట్టి శబ్దం రాకపోతే వైద్యం జరగనట్టు కాదు, గట్టిగా వచ్చినంత మాత్రాన నయమైనట్టూ కాదు.

సమస్య: నడుం నొప్పితో పాటు మూత్రం రావడం లేదు, తొడల మధ్య మొద్దుబారింది

కారణం: వెన్ను అడుగుభాగంలోని నరాల కట్ట నొక్కుకుపోతూ ఉండొచ్చు. దీన్ని కాడా ఈక్వైనా సిండ్రోమ్ అంటారు. మూత్రం ఆగిపోవడం లేదా తెలియకుండా పోవడం, మలం మీద పట్టు తప్పడం, మలద్వారం చుట్టూ, తొడల లోపలివైపు స్పర్శ తెలియకపోవడం, రెండు కాళ్లూ బలహీనపడటం దీని గుర్తులు.

పరిష్కారం: నేరుగా ఆసుపత్రి ఎమర్జెన్సీకి. ఇది గంటలు లెక్కపెట్టాల్సిన వ్యవహారం, చాలామందికి ఆపరేషన్ చేయాల్సి వస్తుంది, ఆలస్యమైతే ఆ పట్టు పూర్తిగా తిరిగి రాకపోవచ్చు. సిగ్గుపడి చెప్పకుండా ఉండేవాళ్లు చాలామంది. నడుం నొప్పికీ మూత్రానికీ సంబంధం ఏమిటనుకుని చెప్పనివాళ్లూ ఉంటారు. డాక్టర్ అడగకపోయినా మీరే చెప్పండి.

సమస్య: పడ్డాక, లేదా ప్రమాదం తర్వాత మొదలైన నొప్పి

కారణం: ఎముక చిట్లి ఉండొచ్చు. ఎముకలు గుల్లబారినవాళ్లకు, చాలాకాలంగా స్టెరాయిడ్ మందులు వాడుతున్నవాళ్లకు పెద్ద దెబ్బే తగలక్కర్లేదు. గట్టిగా దగ్గినా, కుర్చీలో ధబ్బున కూర్చున్నా వెన్నుపూస అణిగిపోవచ్చు.

పరిష్కారం: ముందు డాక్టర్, అవసరమైతే ఎక్స్‌రే లేదా సీటీ. మెడ దెబ్బల విషయంలో ఎమర్జెన్సీ డాక్టర్లు కెనడాలో తయారైన ఒక పద్ధతిని వాడతారు. వయసు 65 లేదా అంతకు మించినా, సుమారు మీటరు ఎత్తు నుంచి లేదా ఐదు మెట్ల మీద నుంచి పడినా, చేతుల్లో కాళ్లల్లో తిమ్మిరి ఉన్నా ఫోటో తీయకుండా వదలరు. ఇవేవీ లేకపోయినా మెడను రెండువైపులా 45 డిగ్రీలు తిప్పగలుగుతున్నారా అని చూస్తారు. ఇది డాక్టర్ చేయాల్సిన పరీక్ష, ఇంట్లో ఎవరి మెడా తిప్పి చూడొద్దు. ఎముక బాగుందని తేలాక మిగిలిన పట్టేసిన నొప్పికి కైరోప్రాక్టర్ దగ్గరికి వెళితే తప్పులేదు.

సమస్య: నడుము కలుక్కుమంది, వేరే లక్షణాలేమీ లేవు

ఎక్కువమందికి వచ్చేది ఇదే. ఫలానా కండరమనో, ఫలానా కీలు అనో వేలుపెట్టి చూపించడం చాలాసార్లు డాక్టర్‌కు కూడా సాధ్యం కాదు, అందులో భయపడాల్సింది లేదు. చాలావరకు కొన్ని వారాల్లో దానంతట అదే తగ్గే నొప్పి ఇది.

మొదటి రెండు మూడు రోజులు వేడి కాపడం పెట్టండి, నొప్పి మరీ ఎక్కువైతే డాక్టర్‌ని అడిగి మాత్ర వేసుకోండి, భరించగలిగినంత మేర నడుస్తూ ఉండండి. మంచం పట్టొద్దు. ఒకసారి నేనూ ఆ తప్పు చేశాను. మూడు రోజులు కదలకుండా పడుకుని నాలుగో రోజు లేవబోతే, మొదటి రోజు కంటే నడుము ఎక్కువ బిగుసుకుపోయింది.

కైరోప్రాక్టర్ మాట ఎప్పుడు ఆలోచించాలి? వారం పది రోజులు చూశారు, కాస్త తగ్గింది గానీ ఒకవైపు వంగడం, తిరగడం ఇంకా పట్టేసినట్టుంది. అలాంటప్పుడు వెళ్లడంలో అర్థముంది. అమెరికాలోని ఫిజీషియన్ల సంఘం 2017లో ఇచ్చిన మార్గదర్శకాల్లో కొత్తగా వచ్చిన నడుం నొప్పికి మందులకంటే ముందు ప్రయత్నించదగ్గవాటిలో కాపడం, మసాజ్, ఆక్యుపంక్చర్‌తో పాటు వెన్నును చేతులతో సరిచేసే ఈ పద్ధతినీ చేర్చింది. అయితే దానికున్న ఆధారాలు బలమైనవేమీ కావని కూడా అందులోనే రాసింది. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2016లో ఇంకో షరతు పెట్టింది: చేతి వైద్యం ఒక్కటే చాలదు, వ్యాయామంతో కలిపి ఇవ్వాలి. నాకు ఈ షరతే సరైందనిపిస్తుంది. బల్ల మీద వచ్చే హాయి రెండు మూడు రోజుల్లో పోవచ్చు, రోజూ చేసే పది నిమిషాల వ్యాయామం ఎక్కువకాలం ఉపయోగపడుతుంది. ఇంటికి వ్యాయామమేదీ చెప్పకుండా పంపే కైరోప్రాక్టర్ సగం పనే చేసినట్టు.

మంచి ఫిజియోథెరపిస్ట్ అందుబాటులో ఉంటే అటైనా వెళ్లొచ్చు. ఈ రకం నొప్పికి రెండు దారులూ దాదాపు ఒకచోటికే చేరతాయి.

సమస్య: నొప్పి పిరుదు నుంచి పిక్క దాకా జివ్వుమని లాగుతోంది

కారణం: సయాటికా. ఎక్కువసార్లు నడుము అడుగునున్న రెండు డిస్క్‌లలో ఒకటి ఉబ్బి నరాన్ని ఒత్తుతూ ఉంటుంది. దగ్గినా తుమ్మినా కాల్లోకి షాక్ కొట్టినట్టు ఉంటుంది.

పరిష్కారం: ఇదీ చాలామందిలో ఆరు నుంచి పన్నెండు వారాల్లో తగ్గుముఖం పడుతుంది. కానీ ముందు డాక్టర్ నరాలను పరీక్షించాలి. కాలి బలం ఎలా ఉందో చూసుకోవడానికి మడమల మీద నడవండి, తర్వాత మునివేళ్ల మీద నడవండి. పాదం పైకి లేవకుండా వేలాడుతున్నా, బలం రోజురోజుకీ తగ్గుతున్నా కైరోప్రాక్టర్‌ను పక్కన పెట్టి వెంటనే డాక్టర్‌ను కలవండి. నొప్పి ఎంత ఉందన్నదాని కంటే బలం ఎంత తగ్గిందన్నది ముఖ్యం. నొప్పి తగ్గి, బలం కూడా తగ్గితే అది మంచి వార్త కాదు.

సమస్య: మెడ పట్టేసింది, తల తిరుగుతోంది

మెడ విషయంలో నేను కాస్త పిరికివాణ్నే, దానికి కారణముంది. మెదడుకు రక్తం తీసుకెళ్లే రెండు వెర్టెబ్రల్ ధమనులు మెడ ఎముకల రంధ్రాల గుండా పైకి వెళతాయి. వాటి లోపలి పొర చిరిగితే రక్తం గడ్డకట్టి పక్షవాతం రావచ్చు. మెడను వేగంగా తిప్పిన తర్వాత ఇలా జరిగిన సందర్భాలు అరుదుగా ఉన్నాయి. ఇందులో చిక్కు ఏమిటంటే, అలా చిరగడం మొదలైనప్పుడు కనిపించే మొదటి లక్షణాలు మెడనొప్పి, తలనొప్పే. అంటే కొందరు అప్పటికే చిరిగిన ధమనితో, మామూలు మెడనొప్పి అనుకుని వెళ్లి ఉండొచ్చు. వైద్యం వల్ల చిరిగిందా, చిరిగాకే వైద్యానికి వెళ్లారా అని తేల్చడం అందుకే కష్టం. ఏదైనా ఆ స్థితిలో మెడ తిప్పించుకోవడం ప్రమాదమే.

ఎప్పుడూ లేనంత తీవ్రంగా, హఠాత్తుగా మొదలైన మెడనొప్పి లేదా తలనొప్పి. తల తిరగడం, ఒకటి రెండుగా కనిపించడం, మాట ముద్దగా రావడం, మింగలేకపోవడం, ముఖం ఒకవైపు మొద్దుబారడం, ఉన్నట్టుండి కూలిపోవడం. వీటిలో ఏది ఉన్నా ఎమర్జెన్సీకి వెళ్లండి. మెడను ఎవరినీ ముట్టుకోనివ్వకండి.

ఇవేవీ లేవు, దిండు సరిగా లేక పొద్దున్నే మెడ పట్టేసింది, అంతే. అయితే వెళ్లొచ్చు. కానీ వేగంగా తిప్పే పద్ధతి ఒక్కటే లేదు. నెమ్మదిగా సాగదీయడం, కీలును మెల్లగా కదపడం కూడా ఉన్నాయి. "మెడ విరవకండి, మెల్లగా చేసే పద్ధతి చూడండి" అని ముందే చెప్పండి. మంచివాళ్లు దానికి నొచ్చుకోరు. రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఉన్నవాళ్లకు మెడ పైభాగంలోని మొదటి రెండు పూసల మధ్య పట్టు సడలి ఉండొచ్చు, వాళ్లు మెడను వేగంగా తిప్పించుకోకూడదు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, ఎముకలు గుల్లబారినవాళ్లు ఆ మాట మొదటే చెప్పాలి.

సమస్య: పొద్దున లేస్తే అరగంటకు పైగా వెన్ను బిగుసుకుని ఉంటోంది

నలభై లోపు వయసు, మెల్లగా మొదలై మూడు నెలలు దాటింది, విశ్రాంతి తీసుకుంటే పెరుగుతుంది, కదిలితే తగ్గుతుంది, తెల్లవారుజామున నిద్ర లేపుతుంది. ఇది కదలికతో మారే నొప్పే కదా అనుకుంటారు, నా కొలత తప్పే చోటు ఇదే. యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ లాంటి వాపు జబ్బు కావచ్చు. రుమటాలజిస్ట్‌ను, అంటే ఇలాంటి కీళ్ల వాపు జబ్బులు చూసే డాక్టర్‌ను కలవాలి. దీనికి మంచి మందులున్నాయి, వెన్నుపూసలు అతుక్కుపోయాక వెళ్లడం కంటే ముందే వెళ్లడం మేలు.

సమస్య: ఎలా ఉన్నా మారని నొప్పి

డొక్కలో మొదలై గజ్జల వైపు అలలు అలలుగా వస్తే కిడ్నీ రాయి చూడాలి. భుజం, దవడ, ఎడమ చెయ్యి లాగుతూ ఛాతీ బరువుగా ఉంటే గుండె, ఒక్క నిమిషం కూడా ఆగొద్దు. జ్వరం, చెప్పలేని బరువు తగ్గుదల, రాత్రిపూట ఎక్కువయ్యే నొప్పి, ఇంతకుముందు క్యాన్సర్ వచ్చి ఉండటం, ఇవి ఉంటే వెన్నులో ఇన్ఫెక్షన్, క్షయ, గడ్డ లాంటివి లేవని తేలేదాకా వెన్నును ఎవరూ నొక్కకూడదు.

సమస్య: ఎంఆర్ఐలో డిస్క్ ఉబ్బిందని రాశారు, టెన్షన్‌గా ఉంది

నొప్పే లేనివాళ్లను స్కాన్ చేసిన పరిశీలనలను 2015లో కలిపి చూస్తే, ఇరవైల్లో ఉన్నవాళ్లలో సుమారు 30 శాతం మందికి, ఎనభైల్లో ఉన్నవాళ్లలో 84 శాతం మందికి డిస్క్ ఉబ్బు కనిపించింది. తల నెరిసినట్టే డిస్క్ కూడా మారుతుంది. రిపోర్టును మీ లక్షణాలతో కలిపి చదవాలి. రిపోర్టు ఒక్కటే చూపించి "మీ వెన్ను పాడైపోయింది" అని భయపెట్టే చోటు నుంచి లేచి వచ్చేయండి.

సమస్య: నాలుగైదుసార్లు వెళ్లినా మార్పు లేదు

నాలుగు నుంచి ఆరు సిట్టింగులు, లేదా మూడు నాలుగు వారాలు చూడండి. వంగడం, నిద్ర, నడక, వీటిలో ఒక్కదానిలోనైనా తేడా రాకపోతే అదే పద్ధతిని ఇంకా సాగదీయడంలో అర్థం లేదు, రోగనిర్ధారణే మళ్లీ చూసుకోవాలి. మొదటిరోజే నలభై సిట్టింగుల ప్యాకేజీకి ముందస్తు డబ్బు అడిగితే, నొప్పి లేకపోయినా జీవితాంతం రావాలంటే, ఆస్తమా, చెవి ఇన్ఫెక్షన్ కూడా వెన్ను సరిచేసి తగ్గిస్తామంటే వద్దని చెప్పండి. వీటికి తగిన ఆధారాలు లేవు.

సిట్టింగ్ తర్వాత ఒకటి రెండు రోజులు ఒళ్లు నొప్పులు, అలసట, కొద్దిపాటి తలనొప్పి మామూలే. చెయ్యో కాలో కొత్తగా తిమ్మిరెక్కినా, బలం తగ్గినా, తల తిరిగి వాంతి వచ్చినా, నడక తూలినా అది మామూలు కాదు. మర్నాటి అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లి, ఏ రోజు, ఎన్ని గంటలకు, వెన్నులో ఏ భాగానికి వైద్యం చేశారో డాక్టర్‌కు చెప్పండి.