పంట నష్టం లెక్క – 3వ పాఠం: మనకు ఎంత రావాలి?

గత పాఠంలో ఈ-పంట నమోదు (ఏ పొలంలో ఎవరు ఏ పంట వేశారో ప్రభుత్వం రాసుకునే లెక్క) సరిచూసుకోవడం నేర్చుకున్నాం. ఈసారి డబ్బు లెక్క. ఇన్‌పుట్ సబ్సిడీ, అంటే విపత్తులో పంట పోయిన రైతుకు ప్రభుత్వం ఇచ్చే సాయం, ఖాతాలో పడ్డాక "ఇంతేనా?" అని బాధపడే రైతులే ఎక్కువ. ఎంత రావాలో ముందే తెలిస్తే, రైతు సేవా కేంద్రంలో నష్టపోయిన రైతుల జాబితా పెట్టిన రోజే తేడా పట్టుకోవచ్చు. అడగాల్సింది అప్పుడే. జాబితా పైకి వెళ్లిపోయాక సరిచేయించడం చాలా కష్టం.

ముందు రేటు. 2022-23 నుంచి 2025-26 వరకు కేంద్రం ఖరారు చేసిన నిబంధనల ప్రకారం హెక్టారుకు వర్షాధార పంటకు 8,500, నీటి వసతి ఉన్న పంటకు 17,000, పండ్లతోటల్లాంటి వాటికి 22,500 రూపాయలు. రాష్ట్రం సొంత నిధులు కలిపి పెంచవచ్చు. 2024 సెప్టెంబరు వరదలప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో వరికి హెక్టారుకు 25,000 ప్రకటించారు. కాబట్టి ఈసారి జీవోలో ఏ రేటు ఉందో చూశాకే లెక్క మొదలుపెట్టండి.

మన చేతిలో ఉన్నది ఎకరాల లెక్క, జీవోలో ఉండేది హెక్టార్లు. ఎకరాలను 2.47తో భాగించాలి. కాలువ కింద 3 ఎకరాల వరి పోయిందనుకోండి: 1.21 హెక్టార్లు. 17,000 చొప్పున సుమారు 20,600. అదే 25,000 రేటయితే 30,000 దాటుతుంది. 7 ఎకరాలు మునిగినా సాయం 2 హెక్టార్లకే, అంటే దాదాపు 5 ఎకరాలకే. చిన్న కమతాలకు ఒక రక్షణ ఉంది: 20 సెంట్ల వరికి లెక్క ప్రకారం 1,400 కూడా రాదు, కానీ నీటి వసతి ఉన్న పంటకు కనీసం 2,000 ఇవ్వాలి. వర్షాధారానికి ఆ కనీసం 1,000.

అసలు చిక్కంతా 33 శాతం దగ్గరే. నష్టం అంతకు తగ్గితే పేరు జాబితాలోకే ఎక్కదు. 2015కు ముందు ఈ గీత 50 శాతం దగ్గర ఉండేది. ఇప్పుడు నయమే, అయినా ఆ శాతాన్ని తేల్చేది చేను చూసిన మనిషి అంచనా. గింజ గట్టిపడే దశలో పడిపోయిన వరి మర్నాడు చూస్తే ఇంకా పచ్చగానే ఉంటుంది. నాలుగు రోజులు నీళ్లలో నానితే కంకి మీదే మొలకలొస్తాయి. పాలు పోసుకునే దశలో మునిగితే తాలు (గింజ నిండని పొల్లు) ఎక్కువవుతుంది. నీళ్లు నిలిచినప్పుడు ఒక ఫొటో, తీశాక కంకి దగ్గరగా ఇంకొకటి, తేదీ కనపడేలా తీసిపెట్టుకోండి. సర్వేకి వచ్చినప్పుడు గట్టు మీద నిలబడి చూపించకండి, చేలోకి దింపి చూపించండి. మొహమాటపడాల్సిన పని కాదిది.

పొలంలో 3 అంగుళాలకు మించి ఇసుక, ఒండ్రు మేట వేస్తే దాన్ని తీయడానికి చిన్న, సన్నకారు రైతులకు హెక్టారుకు 18,000 ఉంది. చాలామంది అడగరు. పంటల బీమా వేరే సంగతి, దాన్ని ఇందులో కలపకండి. సాగు చేసింది కౌలురైతయితే ఈ డబ్బు అతనికే చేరాలి. ఈ-పంటలో అతని పేరుందో లేదో చూడమని పదేపదే చెప్పింది అందుకే.

అభ్యాసం: కాలువ కింద రెండున్నర ఎకరాల వరి, మెట్టలో ఎకరంన్నర వర్షాధార పత్తి, రెండూ పూర్తిగా పోయాయి. కేంద్రం రేటుతో ఎంత రావాలి? వరికి, పత్తికి విడివిడిగా వేసి కలపండి. 22,300 దాటితే మీ లెక్క సరైనదే. వచ్చే పాఠంలో అభ్యంతరం అర్జీ రాద్దాం.