ఒడిశాలోని బరంపురం వైపు బ్యాంకు వేలం ఇల్లు: పాటకు ముందు, తాళం చేతికొచ్చాక

ప్రభుత్వ బ్యాంకులు జప్తు చేసిన ఇళ్లు బ్యాంక్‌నెట్ పోర్టల్‌లో వేలానికి వస్తాయి. ప్రకటనలో ధర కన్నా ముందు స్వాధీనం సంగతి చూడండి. ‘సింబాలిక్’ (కాగితాల మీది స్వాధీనం) అని ఉంటే లోపల ఎవరో కాపురం ఉన్నారనే అనుకోవాలి. బ్యాంకులు మొండి బకాయిలు రాబట్టుకునే సర్ఫేసీ చట్టం 14వ సెక్షన్ కింద కలెక్టరు ఉత్తర్వు తెచ్చి బ్యాంకు ఖాళీ చేయించేదాకా మీ డబ్బు ఇరుక్కుపోతుంది. మొదటిసారి కొనేవాళ్లు అలాంటి ఇంటి జోలికి వెళ్లకండి.

ఒడిశా భూరికార్డుల వెబ్‌సైటు భూలేఖ్‌లో ఖాతా, ప్లాటు నంబర్లు పెట్టి కిసం (భూమి రకం) ‘ఘరబారి’ (ఇంటి స్థలం) అని ఉందో లేదో చూడండి. పట్టా ఒడియాలో ఉంటుంది కాబట్టి చదవగలిగినవాళ్లను పక్కన పెట్టుకోండి. సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో ఈసీ (ఆస్తిపై లావాదేవీలు, తనఖాలు చూపే పత్రం) తీయించండి. కటక్ డీఆర్‌టీలో (బ్యాంకు బాకీల ట్రిబ్యునల్) ఆ ఇంటిపై కేసుందేమో వాకబు చేయండి. రాయగడ, కొరాపుట్ జిల్లాలు షెడ్యూల్డు ప్రాంతం. అక్కడ 1956 నాటి రెండో రెగ్యులేషన్ వల్ల గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోతే చెల్లదు. ఆ స్థలం ఎవరెవరి చేతులు మారిందో తేలకుండా పాట పాడొద్దు.

పాట మీదైతే ధరావతుతో (పాటకు ముందు కట్టే డిపాజిట్) కలిపి 25 శాతం అదే రోజు, లేదంటే మరుసటి పనిదినంలోపు కట్టాలి. మిగతాది అమ్మకం ఖరారైన 15 రోజుల్లో కట్టాలి. గడువు తప్పితే కట్టింది పోతుంది, అందుకే లోను ముందే మంజూరు చేయించుకోండి. కరెంటు, హోల్డింగ్ ట్యాక్సు (ఇంటి పన్ను) బకాయిలు కూడా లెక్కలో వేసుకోండి.

ఇక మరమ్మతు. బరంపురం దగ్గరి గోపాల్‌పూర్ తీరం ఉప్పుగాలికి శ్లాబులో రాడ్లు తుప్పుపట్టి ఉబ్బి, కింది కాంక్రీటును తోసేస్తాయి. పెచ్చులు ఊడిన చోట ఉత్త సిమెంటు పూసి వదిలేస్తే లోపలి తుప్పు ఆగదు, పూత మళ్లీ ఊడుతుంది.

ముందు కింద జాకీలు నిలబెట్టండి. సుత్తితో తడుతూ పోయి, బోలుగా మోగిన చోటల్లా రాడ్డు వెనక 20 మి.మీ. ఖాళీ వచ్చేదాకా చెక్కించండి. తీగ బ్రష్షుతో తుప్పు రాల్చి జింక్ ప్రైమరు వేసి ఆరనివ్వండి. తర్వాత కాంక్రీటుకు ఎస్‌బీఆర్ లేటెక్స్ (పట్టు పెంచే రబ్బరు ద్రవం), సిమెంటు కలిపిన పూత రాసి, అది జిగటగా ఉండగానే 1:3 సిమెంటు, ఇసుక మాలు ఎక్కించాలి. ఆ మాలులో 50 కిలోల సిమెంటు బస్తాకు 10 లీటర్ల లేటెక్స్ పడుతుంది. ఒక్కో పొర 10–12 మి.మీ. దాటితే జారిపోతుంది. రాడ్డు మందం పావు వంతు తిని ఉంటే మేస్త్రీ మాట చాలదు, స్ట్రక్చరల్ ఇంజనీరును పిలవండి.

పైన నీళ్లు నిలబెట్టే పరీక్ష ఇదంతా గట్టిపడ్డాకే. 50 మి.మీ. నీరంటే చదరపు మీటరుకు 50 కిలోల బరువు, దెబ్బతిన్న శ్లాబు మోయలేకపోవచ్చు. 48 గంటల తర్వాత కింద చెమ్మ కనబడకపోతేనే వైరింగు, పెయింటు మొదలుపెట్టండి.