ప్రింట్ వస్తోంది, స్కాన్ రావడం లేదు: ఇంటి ఫైర్‌వాల్ చిక్కును విప్పుకోవడం

బెంగళూరు మారతహళ్ళిలో మేముండే అపార్ట్‌మెంటుకు, కడప నుంచి కొడుకు దగ్గరికి వచ్చిన ఒక పెద్దాయన తన పట్టాదారు పాసుపుస్తకం పేజీలను స్కాన్ చేసుకోవాలని రెండు రోజులు ప్రయత్నించారు. ల్యాప్‌టాప్‌లో ప్రింట్ ఇస్తే కాగితం వెంటనే వచ్చేది. ప్రింటరు మీది స్కాన్ బటన్ నొక్కితే మాత్రం, కంప్యూటరు దొరకలేదని దాని చిన్న తెర మీద కనిపించేది. కొడుకు కొత్త ప్రింటరు కొనబోతుంటే నేనే ఆపాను. ఒకవైపు పని జరిగి రెండో వైపు జరగకపోతే మొదట అనుమానించవలసింది ఫైర్‌వాల్‌ను, అంటే నెట్‌వర్క్ నుంచి కంప్యూటరులోకి ఏది రావచ్చో ఏది రాకూడదో చూసే కాపలా ప్రోగ్రామ్‌ను.

ల్యాప్‌టాప్ తనంతట తాను బయటికి పంపేదాన్ని విండోస్ ఫైర్‌వాల్ మామూలుగా ఆపదు. దానికి తిరిగి వచ్చే జవాబునూ లోపలికి రానిస్తుంది. అవతలి పరికరం తానుగా వచ్చి తలుపు తడితే మాత్రం, అనుమతించే రూల్ ఉంటే తప్ప తెరవదు. ప్రింట్ ల్యాప్‌టాప్ నుంచి బయలుదేరేది, బటన్ నొక్కి చేసే స్కాన్ ల్యాప్‌టాప్‌లోకి రావలసింది. అందుకే, అత్యవసరమైతే ప్రింటరు బటన్‌ను వదిలేసి, ల్యాప్‌టాప్‌లోని స్కానింగ్ ప్రోగ్రామ్ నుంచే స్కాన్ మొదలుపెట్టి చూడండి. చాలాసార్లు ఆ దారిన పని జరిగిపోతుంది.

ఫైర్‌వాల్ సెట్టింగుల జోలికి వెళ్లే ముందు రెండు పరికరాలూ ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నాయో లేదో చూడాలి. స్టార్ట్ మెనూలో కమాండ్ ప్రాంప్ట్‌ను తెరిచి ipconfig అని కొడితే నెట్‌వర్క్‌లో ల్యాప్‌టాప్‌కున్న అడ్రస్ (అంకెల వరుస) తెలుస్తుంది, ప్రింటరు అడ్రస్ దాని నెట్‌వర్క్ మెనూలో ఉంటుంది. మన ఇళ్లలో తరచుగా ఫైబర్ కనెక్షన్ ఇచ్చినవాళ్లు బిగించిన డబ్బాలోనే ఒక వైఫై ఉంటుంది. సిగ్నల్ చాలడం లేదని బెంగళూరు ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్పీ రోడ్డులో కొనుక్కొచ్చిన మరో రౌటర్‌ను దానికి తగిలిస్తాం. అప్పుడు ప్రింటరుకు 192.168.1తో, ల్యాప్‌టాప్‌కు 192.168.0తో మొదలయ్యే అడ్రసులు వస్తే, కొత్త రౌటర్ వెనకున్న ల్యాప్‌టాప్ ప్రింటరును చేరగలదు గానీ ప్రింటరు ల్యాప్‌టాప్‌ను చేరలేదు. లక్షణం అచ్చం ఫైర్‌వాల్ చిక్కులాగే ఉంటుంది, కానీ విండోస్‌లో ఎన్ని రూల్స్ మార్చినా ఫలితం ఉండదు. కొత్త రౌటర్‌ను యాక్సెస్ పాయింట్ మోడ్‌లోకి (సొంత నెట్‌వర్క్ పెట్టకుండా పాతదాన్నే పొడిగించే పద్ధతిలోకి) మార్చడమో, రెండు పరికరాలనూ ఒకే వైఫైకి కలపడమో చేయాలి. గెస్ట్ వైఫైలో (అతిథుల కోసం రౌటర్ విడిగా ఇచ్చే వైఫైలో) ఉన్న పరికరాలను కూడా రౌటర్ సాధారణంగా ఒకదానికొకటి కనిపించనివ్వదు.

అడ్రసులు సరిగానే ఉంటే, సెట్టింగ్స్‌లో మీ వైఫై పేరు మీద నొక్కి, అది పబ్లిక్‌గా ఉందో ప్రైవేట్‌గా ఉందో చూడండి. పబ్లిక్ అంటే రైల్వే స్టేషన్‌లోనో హోటల్‌లోనో వాడే వైఫై అని విండోస్ భావిస్తుంది, ఇతర పరికరాలకు మీ కంప్యూటరును కనిపించనివ్వదు. సొంత ఇంట్లో దీన్ని ప్రైవేట్‌గా మార్చుకోవచ్చు. పీజీ హాస్టల్‌లో అందరికీ కలిపి ఇచ్చిన వైఫై అయితే మార్చకండి. అక్కడ పబ్లిక్‌గా ఉండటమే క్షేమం.

పెద్దాయన ల్యాప్‌టాప్‌లో ఈ రెండూ సరిగానే ఉన్నాయి. అసలు సంగతి రూల్స్ జాబితాలో దొరికింది. స్కానింగ్ ప్రోగ్రామ్ మొదటిసారి తెరుచుకున్నప్పుడు దాన్ని అనుమతించాలా అని విండోస్ అడుగుతుంది. అర్థంకాక క్యాన్సిల్ నొక్కితే, ఆ ప్రోగ్రామ్‌ను అడ్డుకునే రూల్స్ నిశ్శబ్దంగా తయారై అక్కడే ఉండిపోతాయి. తర్వాత ఎవరో వచ్చి అనుమతించే రూల్ చేర్చినా ఉపయోగం ఉండదు. ఒకే ప్రోగ్రామ్‌కు అనుమతి, అడ్డు రెండూ ఉంటే అడ్డుదే పైచేయి. కొడుకు అంతకుముందే అనుమతి రూల్ రెండుసార్లు చేర్చి ఉన్నాడు. స్టార్ట్ మెనూలో ఫైర్‌వాల్ అని వెతికి, అడ్వాన్స్‌డ్ సెక్యూరిటీ అన్నదాన్ని తెరిచి, ఇన్‌బౌండ్ రూల్స్‌లో (లోపలికి వచ్చేవాటికి పెట్టిన రూల్స్‌లో) చూస్తే, ఆకుపచ్చ టిక్కులున్న వరుసల మధ్య అదే ప్రోగ్రామ్ పేరుతో ఎర్ర గుర్తున్న వరుసలు రెండు కనిపించాయి. ఒకటి టీసీపీకి, రెండోది యూడీపీకి; ఇవి నెట్‌వర్క్‌లో సమాచారం పంపే రెండు పద్ధతులు. ఆ రెండింటినీ డిసేబుల్ చేయగానే పాసుపుస్తకం మొదటి పేజీ తెర మీదికి వచ్చింది. ముందే డిలీట్ చేయకుండా డిసేబుల్ చేసి చూడటం మంచిది, ఎందుకంటే పొరపాటు జరిగినా వెనక్కి తెచ్చుకోవచ్చు.

జాబితాలో ఏదీ దొరకకపోతే లాగ్, అంటే ఫైర్‌వాల్ తాను చేసింది రాసిపెట్టుకునే ఫైలు, చూడాలి. అదే విండోలో ప్రాపర్టీస్ తెరిచి, ప్రైవేట్ ప్రొఫైల్ (ప్రైవేట్ వైఫైకి వర్తించే సెట్టింగులు) కింద లాగింగ్‌లో, డ్రాప్ అయిన, అంటే లోపలికి రానివ్వని, ప్యాకెట్లను (సమాచారపు ముక్కలను) రాయమని Yes పెట్టండి. ఆ తర్వాత స్కాన్ బటన్ మళ్లీ నొక్కి, పీఫైర్‌వాల్ (pfirewall) అనే లాగ్ ఫైలును తెరవండి. డ్రాప్ అన్న మాటతో పాటు ప్రింటరు అడ్రస్ ఉన్న వరుస కనిపిస్తే అడ్డుకున్నది విండోస్ ఫైర్‌వాలే. అది ఏ తలుపు తట్టిందో చెప్పే పోర్ట్ నంబరూ ఆ వరుసలోనే ఉంటుంది. మీ ల్యాప్‌టాప్‌లోని ఫోల్డరును ఇతర పరికరాలతో పంచుకోవడంలో చిక్కయితే ఆ నంబరు సాధారణంగా 445. ప్రింటరు వరుసే లేకపోతే రౌటర్‌ను, లేదా సొంత ఫైర్‌వాల్‌తో వచ్చే యాంటీవైరస్‌ను అనుమానించాలి. పింగ్‌కు (అవతలి పరికరం ఉందా అని అడిగే చిన్న పరీక్షకు) జవాబు రాలేదన్న ఒక్క కారణంతో మాత్రం ఏ నిర్ణయానికీ రాకండి; మిగతావన్నీ సక్రమంగా ఉన్నా ఫైర్‌వాల్ పింగ్‌ను ఆపేయవచ్చు.

ఫైర్‌వాల్ మొత్తం ఆపేస్తే పోతుంది కదా అని చాలామంది సలహా ఇస్తారు. నిర్ధారణ కోసం ప్రైవేట్ ప్రొఫైల్‌ను రెండు నిమిషాలు ఆపి చూసి, వెంటనే ఆన్ చేయడం వరకు ఒప్పుకుంటాను. అలాగే వదిలేస్తే, ఇంట్లో ఏ ఫోన్‌కో టీవీకో పట్టిన మాల్‌వేర్‌కు ఆ ల్యాప్‌టాప్ తలుపులు తెరిచి పెట్టినట్టే.

కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ చిక్కు తిరిగి మొదలవుతుంటే, రౌటర్ ప్రింటరుకు కొత్త అడ్రస్ ఇస్తోందేమో చూడండి. పాత అడ్రస్‌తో రాసుకున్న రూల్ కొత్త అడ్రస్‌కు పనిచేయదు. రౌటర్ పేజీలోని డీహెచ్‌సీపీ (పరికరాలకు అడ్రసులు పంచే ఏర్పాటు) సెట్టింగుల్లో ప్రింటరుకు ఒక అడ్రస్‌ను రిజర్వ్ చేస్తే సరిపోతుంది. కంపెనీ ఇచ్చిన ల్యాప్‌టాప్‌లో మాత్రం వీటిలో ఏదీ మీరు మార్చకండి; అక్కడి రూల్స్ కంపెనీ పెట్టినవి కాబట్టి, లాగ్‌లో దొరికిన ఆ వరుసను మీ ఐటీ విభాగానికి పంపి వాళ్లచేతే మార్పించుకోండి.