బ్లాక్‌లిస్ట్ చేసినా డ్రైవర్ మళ్లీ లోడవుతోందా?

లినక్స్‌లో ఒక డ్రైవర్ దానంతటదే లోడ్ కాకూడదంటే మాడ్‌ప్రోబ్ డాట్ డి ఫోల్డర్‌లో కాన్ఫ్ ఫైల్ పెట్టి 'బ్లాక్‌లిస్ట్' అని, పక్కన మాడ్యూల్ (లినక్స్ మూలమైన కెర్నల్‌లోకి విడిగా లోడయ్యే డ్రైవర్ ముక్క) పేరు రాస్తాం. చాలామంది అక్కడితో ఆగిపోతారు. కానీ అది ఆపేది హార్డ్‌వేర్‌ని చూసి జరిగే ఆటోలోడ్‌నే. ఇంకో మాడ్యూల్‌కి అవసరమైతే దాని వెంట దర్జాగా వచ్చేస్తుంది! అదీ కుదరకూడదంటే 'ఇన్‌స్టాల్', మాడ్యూల్ పేరు, బిన్ ఫోల్డర్‌లోని ఫాల్స్ (ఎప్పుడూ ఫెయిలయ్యే చిన్న కమాండ్) దారి, ఈ మూడూ ఒకే లైన్లో కలపండి. అప్పుడు దాని మీద ఆధారపడ్డ మాడ్యూల్ కూడా లోడవదు, చూసుకోండి.

నూవో లాంటి గ్రాఫిక్స్ డ్రైవర్ ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ (బూట్ మొదట్లోనే మెమరీలోకి వచ్చే చిన్న ఫైల్ సిస్టమ్) నుంచే లేవొచ్చు. అందుకని మన మార్పు అందులోకీ చేరేలా ఉబుంటు, డెబియన్‌లలో అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ మైనస్ యూ కూడా నడపాలి (ఇది మర్చిపోయి నేను ఓ సాయంత్రం పోగొట్టుకున్నా). కెర్నల్‌లోనే కలిపేసిన డ్రైవర్‌కి ఇవేవీ పనిచేయవు. బూట్ లైన్లో (బూట్ అప్పుడు కెర్నల్‌కి ఇచ్చే ఆప్షన్ల వరుసలో) ఇనిట్‌కాల్_బ్లాక్‌లిస్ట్‌కి దాని ఇనిట్ ఫంక్షన్ (డ్రైవర్‌ని మొదలుపెట్టే కోడ్) పేరు ఇవ్వాలి.