ముహూర్తాల ముందు ర్యామ్ మార్చారా? కెమెరా కార్డు ఫార్మాట్ చేయకండి

మాఘమాసం పెళ్లిళ్లు అయిపోయాక గుంటూరు నుంచి ఒక ఫొటోగ్రాఫర్ తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, తలంబ్రాల ఫొటోలు సగం దాకే ఉన్నాయి" అన్నాడు. సగం దాకా అంటే ఏమిటో అర్థం కాక వెళ్లి చూశాను. పెళ్లికూతురు ముఖం, బాసికం, వెనక పూల మండపం శుభ్రంగా ఉన్నాయి. దోసిలి దగ్గర గులాబీ రంగు పట్టీ ఒకటి అడ్డంగా పడింది. దాని కింద అంతా బూడిద రంగు. ఆ పెళ్లి ఫోల్డర్లో అలాంటివి 41. బ్యాకప్ హార్డ్‌డిస్క్ తీస్తే అందులోనూ అవే 41, అదే చోట తెగి ఉన్నాయి. కెమెరా కార్డులేమో అప్పటికే ఫార్మాట్ అయి ఇంకో రెండు పెళ్లిళ్లు తిరిగొచ్చాయి.

అంతకు మూడు వారాల ముందు పాత 16 జీబీ ర్యామ్ తీసేసి, 3600 స్పీడు 32 జీబీ కిట్ వేయించుకున్నాడు. సిస్టమ్ ఆన్ అయింది, ఫొటోషాప్ చకచకా తెరుచుకుంది, సంబరపడ్డాడు. అతని ప్రాసెసర్ రైజెన్ 5 2600. దానికి ఏఎండీ మాటిచ్చిన ర్యామ్ స్పీడు 2933 మాత్రమే.

ఇప్పుడు వైశాఖ ముహూర్తాలు దగ్గర పడుతున్నాయి. పని ఎక్కువవుతుందని ఈ సమయంలోనే అందరూ ర్యామ్ మారుస్తారు. పైగా ఎండాకాలం. అందుకే ఇదంతా.

కొనేముందు

బాక్సు మీద ఉన్న 3600, 6000 లాంటి అంకె ఆ స్టిక్ చేరగలిగిన స్పీడు. మీ ప్రాసెసర్ అంత స్పీడు తట్టుకుంటుందని దానర్థం కాదు. మామూలుగా బిగిస్తే డీడీఆర్4 తరం స్టిక్ ఏ 2133 దగ్గరో, 2666 దగ్గరో నడుస్తుంది. బాక్సు మీది స్పీడు రావాలంటే బయోస్‌లో, అంటే విండోస్ కంటే ముందు వచ్చే మదర్‌బోర్డు సెట్టింగుల్లో, ఎక్స్‌ఎంపీ ఆన్ చేయాలి. దాని తర్వాతి తరం డీడీఆర్5 వాడే ఏఎండీ బోర్డుల్లో దాన్నే ఎక్స్‌పో అంటారు. అది ఓవర్‌క్లాకింగే, అంటే కంపెనీ మాటిచ్చిన స్పీడు దాటించి నడపడం. షాపులో ఆ మాట వాడరు, "ఒక్క సెట్టింగే సార్" అంటారు.

పాత రెండు స్టిక్కుల పక్కన కొత్తవి రెండు వేస్తే సరిపోతుందనుకోకండి. నాలుగు స్టిక్కులుంటే ప్రాసెసర్లోని మెమరీ కంట్రోలర్ మీద భారం బాగా పెరుగుతుంది. రైజెన్ 7000 సిరీస్‌కి ఏఎండీ చెప్పిన లెక్క చూడండి: రెండు స్టిక్కులకు 5200, నాలుగుకు 3600. 64 జీబీ కావాలంటే 32వి రెండున్న ఒకే కిట్ కొనండి. కొనేముందు ఆ మోడల్ నంబరు మీ మదర్‌బోర్డు కంపెనీ సైట్లో ఇచ్చిన ర్యామ్ లిస్టులో ఉందో లేదో చూడండి.

బిగించేటప్పుడు

కరెంటు ఆపమని నేను చెప్పక్కర్లేదు. నాలుగు స్లాట్ల బోర్డులో రెండే స్టిక్కులైతే దాదాపు అన్నిటిలోనూ ప్రాసెసర్ నుంచి లెక్కపెట్టి రెండో స్లాటు, నాలుగో స్లాటు.

డీడీఆర్5 అయితే మొదటిసారి ఆన్ చేసినప్పుడు స్క్రీన్ నల్లగా ఉండిపోతుంది. కొన్ని నిమిషాలు పడుతుంది, బోర్డు ఆ ర్యామ్‌కు తగ్గ లెక్కలు కట్టుకుంటోంది. టెన్షన్ పడి పవర్ బటన్ నొక్కకండి.

బిట్‌లాకర్ (డిస్కుకి విండోస్ వేసే తాళం) ఉన్న సిస్టమ్ అయితే రికవరీ కీ ముందే కాగితం మీద రాసి పెట్టుకోండి. బయోస్ సెట్టింగులు కదిలితే అది కీ అడగవచ్చు.

అసలు తప్పు

ఆన్ అయింది కదా అని పని మొదలుపెట్టడం. ఇన్నేళ్లలో నేను చూసిన నష్టాల్లో ఎక్కువ భాగం దీనివల్లే. ర్యామ్ పాడైతే కంప్యూటర్ ఆగిపోతుందనీ, బ్లూ స్క్రీన్ వస్తుందనీ అనుకుంటాం. వస్తే అదృష్టవంతులు. అసలు ప్రమాదం ఏమీ రాకపోవడం.

కార్డు నుంచి డిస్కుకి వెళ్లే ప్రతి ఫైలూ ర్యామ్ మీదుగానే వెళ్తుంది. దారిలో ఒక్క బిట్ తారుమారైతే చాలు. జేపెగ్ ఫొటోలో డేటా గొలుసులా ఉంటుంది, ఒక లంకె తప్పితే ఆ తర్వాతదంతా తప్పు లెక్కే. దోసిలి దగ్గర పట్టీ అలాగే పడింది. కాపీ ఎక్కడా ఆగలేదు, ఎర్రర్ చూపించలేదు. ఆ పాడైన ఫైలునే అతను రోజూ శ్రద్ధగా బ్యాకప్ తీసుకున్నాడు.

కాబట్టి ముందు టెస్టు, తర్వాతే పని. ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 ఉచితంగా దొరుకుతుంది. పెన్‌డ్రైవ్‌లోకి వేరే కంప్యూటర్లో ఎక్కించండి, ఇందులో కాదు. ఎక్స్‌ఎంపీ ఆన్‌లో ఉంచి, ఆ పెన్‌డ్రైవ్‌తోనే సిస్టమ్ ఆన్ చేసి రాత్రంతా నడవనివ్వండి, నాలుగు పాస్‌లూ (చుట్లూ) పూర్తి కావాలి. విండోస్‌తో వచ్చే మెమరీ డయాగ్నస్టిక్ తప్పు లేదన్నంత మాత్రాన నమ్మకండి.

రాత్రి పాసైందని సంతోషపడకండి. ర్యామ్‌లో ఒక్కో సెల్ చిటికెడు చార్జి పట్టుకుని ఉంటుంది, వేడికి అది త్వరగా కారిపోతుంది. తెల్లవారుజామున ఏసీ గదిలో పాసైన స్టిక్, మధ్యాహ్నం మూడింటికి గ్రాఫిక్స్ కార్డు వేడి కూడా తగిలితే ఫెయిల్ కావచ్చు. అందుకే రెండో టెస్టు మిట్టమధ్యాహ్నం, క్యాబినెట్ తలుపు మూసి, ఏసీ లేకుండా, విండోస్‌లో టెస్ట్‌మెమ్5 గానీ ఓసీసీటీ గానీ పెట్టి రెండు గంటలు. రెండూ పాసయ్యేదాకా కార్డు ఫార్మాట్ చేయకండి.

ఎర్రర్ వస్తే

ఎక్స్‌ఎంపీ ఆఫ్ చేసి మళ్లీ టెస్టు పెట్టండి. ఎర్రర్లు పోతే స్పీడు ఎక్కువైందన్నమాట. 3600 నుంచి 3200కి, అదీ కాకపోతే 2933కి దించండి. ఆ తేడా ఫొటోషాప్‌లో మీ కంటికి తెలియదు.

ఆఫ్ చేసినా వస్తుంటే ఒక్కో స్టిక్ విడిగా, ఒకే స్లాటులో టెస్టు చేయండి. ఒకటే ఫెయిలైతే స్టిక్ తప్పు. రెండూ ఫెయిలైతే స్లాటు మార్చి చూడండి.

ఒక్క ఎర్రరే కదా అనకండి. ఒక్కటి వచ్చినా ఫెయిలే.

కిట్ వెనక్కివ్వాల్సి వస్తే రెండు స్టిక్కులూ కలిపే ఇవ్వండి.

బ్లూ స్క్రీన్ వస్తోందని విండోస్ మళ్లీ ఇన్‌స్టాల్ చేయకండి. ఆ ర్యామ్ మీదుగా దిగే విండోస్ కూడా పాడై దిగవచ్చు. నాలుగుసార్లు చేసి మదర్‌బోర్డు మార్చిన వాళ్లున్నారు.

జిప్ ఫైళ్లు తెరిచేటప్పుడు సీఆర్‌సీ ఎర్రర్ (ఫైలు పాడైందన్న హెచ్చరిక) వస్తే డౌన్‌లోడ్‌ని తిట్టకండి, ముందు ర్యామ్ చూడండి.

బయోస్ అప్‌డేట్ చేయాలంటే ముందు ఎక్స్‌ఎంపీ ఆఫ్. యూపీఎస్ లేకుండా అసలు చేయొద్దు, మే నెల కరెంటు సంగతి తెలుసుగా.

వీడియో చూసి వోల్టేజీ పెంచకండి. 2023 ఏప్రిల్‌లో కొన్ని రైజెన్ 7000 ఎక్స్3డీ ప్రాసెసర్లు సాకెట్లోనే కాలిపోయిన ఫొటోలు బయటికి వచ్చాక, ఏఎండీ కొత్త బయోస్ ఇచ్చి మెమరీ కంట్రోలర్‌కు వెళ్లే ఎస్‌ఓసీ వోల్టేజీని 1.3 వోల్టుల దగ్గర ఆపేసింది. ఎక్స్‌పో వాడేవాళ్ల బయోస్ అంతకంటే పాతదైతే ఈరోజే మార్చండి.

డీడీఆర్5లో ఈసీసీ (తప్పులు తానే దిద్దుకునే ఏర్పాటు) ఉందిగా అనకండి. అది చిప్ లోపలి తప్పులే దిద్దుతుంది, చిప్ నుంచి ప్రాసెసర్ దాకా ఉన్న దారిని కాదు.

టెస్టు పాసవకముందు పాత బ్యాకప్ మీద కొత్తది రాయకండి.

పెళ్లి పనికి రెండు కార్డులు ఎక్కువ కొనండి. ఆల్బమ్ డెలివరీ అయ్యేదాకా ఒరిజినల్ కార్డులు కవర్లో పెట్టి, తేదీ రాసి, బీరువాలో.

కార్డు ఫార్మాట్ చేసే ముందు ఫోల్డర్లోని ఫొటోలన్నీ ఫుల్ సైజులో తిప్పి చూడండి. చిన్న బొమ్మల్లో పట్టీ కనపడదు, కెమెరా ముందే దాచిన చిన్న బొమ్మ వేరేగా ఉంటుంది. ఆ తమ్ముడు మోసపోయింది అక్కడే.

పాత ర్యామ్ ఎక్స్‌చేంజ్‌కి ఇవ్వకండి. ఒక నెల డ్రాయర్లో ఉండనివ్వండి, బిల్లుతో సహా.