పాత లాప్‌టాప్ అమ్మే ముందు

మా నాన్నగారి పట్టాదారు పాసుపుస్తకం, ఆధార్ స్కాన్ కాపీలున్న పాత లాప్‌టాప్‌ను నల్లగొండలో అమ్మకానికి పెట్టే ముందు, రీసైకిల్ బిన్ ఖాళీ చేసి ఊరుకోలేదు. హార్డ్ డిస్కులో అలా చెరిగేది ఫైలు ఎక్కడుందో చెప్పే నమోదు మాత్రమే. అసలు సమాచారం దాని మీద మరొకటి రాసేదాకా అక్కడే ఉంటుంది కనుక, ఉచితంగా దొరికే రికవరీ సాఫ్ట్‌వేర్ కూడా దాన్ని బయటికి తీయగలదు.

కాబట్టి విండోస్ 11 సెట్టింగ్స్‌లోని రికవరీలో ‘రీసెట్ దిస్ పీసీ’కి వెళ్లి, ‘రిమూవ్ ఎవ్రీథింగ్’ ఎంచుకున్నాక, ‘చేంజ్ సెట్టింగ్స్’ నొక్కి, చెరిపిన సమాచారాన్ని మళ్లీ తీయడం కష్టం చేసే ‘క్లీన్ డేటా’ను ఆన్ చేయాలి. తొందరలో దాటిపోయేది సరిగ్గా ఈ చివరి మీటనే. పని ముగియడానికి గంటలు పట్టవచ్చు. చార్జర్ పెట్టే ఉంచాలి, మన దగ్గర కరెంటు సంగతి తెలిసిందే.

ఎస్‌ఎస్‌డీలో, అంటే హార్డ్ డిస్కుకు బదులు చిప్‌ల మీద సమాచారం దాచే డ్రైవులో, ఒక్కో ఫైలును తిరగరాసి చెరపడం నమ్మదగినది కాదు. దానికి మొదటి నుంచే బిట్‌లాకర్ (తాళంచెవి లేనిదే చదవలేకుండా డ్రైవులోని సమాచారాన్ని సంకేతాలుగా మార్చే విండోస్ సదుపాయం) పెట్టుకోవడం మేలు.